ఫారం 6 కాదు బిడ్డా, ఫారం 8

బిడ్డా,

ఓటు నువ్వుండే హైదరాబాద్‌కు మార్పించుకో అంటే "హన్మకొండల పేరు ఎట్లాగూ ఉంది గద నాయినా, ఎలక్షన్ వచ్చినప్పుడు చూద్దాం" అని ఫోన్ల అన్నవు. ఓటు పోయేది పోలింగ్ రోజు కాదు, అంతకు చాన రోజుల ముందే పోతది. నామినేషన్ల ఆఖరు తేదీతో జాబితాకు తాళం పడ్తది. దరఖాస్తు మీద అభ్యంతరాలకే ఏడు రోజుల గడువు ఇయ్యాలె, అందుకే నామినేషన్లు నడుస్తుండంగ ఉరికి దరఖాస్తు పెట్టినా అందదు.

2023ల అసెంబ్లీ పోలింగ్ నవంబర్ 30, గురువారం పడ్డది. ఒక్కరోజు సెలవు, తెల్లారి ఆఫీసు. ఇసుంటి రోజున పట్నంల ఉన్నోళ్లు ఓరుగల్లుకు నూటనలభై కిలోమీటర్లు వచ్చి పోవుడు మాటలు కాదు. అప్పుడు రాష్ట్రం మొత్తం మీద 71 శాతం పోలైతే హైదరాబాద్ జిల్లాల సగం కూడ కాలేదు. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికలల్ల 46 శాతం చిల్లర. పట్నపోళ్లకు బద్ధకం అని తిట్టుడు అల్కగనే ఉంటది, కొంత నిజం గూడ. కాని ఆ శాతం కింద ఇంకో లెక్క ఉన్నది. ఇల్లు మారిపోయినోళ్లు, చచ్చిపోయినోళ్లు, రెండు దిక్కుల పేరున్నోళ్లు జాబితాల ఉన్నన్ని రోజులు ఓటెయ్యనోళ్ల కిందనే జమైతరు. రేపు నువ్వు ఇక్కడి పేరు తీయకుండ అక్కడ కొత్తగ రాయించుకున్నవనుకో, ఒక దిక్కు ఓటేసినా ఇంకో దిక్కు నువ్వే గైరుహాజరు.

మీ తోటోళ్లు చేసే తప్పు గూడ ఇదే. కొత్త అడ్రస్ కదా అని ఫారం 6 నింపుతరు. అది మొదటిసారి పేరు రాయించుకునేటోళ్లకు. అందుల "ఇంకెక్కడా నా పేరు లేదు" అని సంతకం పెట్టాలె. అది అబద్ధమైతే ఏడాది దాక జైలు గాని జుర్మానా గాని, రెండూ గాని పడొచ్చు. ఇల్లు మారినోళ్లకు ఫారం 8. నియోజకవర్గం మారినా ఇదే. ఎన్నికల సంఘం యాప్‌ల మొబైల్ నంబరుతో లోపలికి పోయి, నీ కార్డు మీది నంబరు (మూడు అక్షరాలు, ఏడు అంకెలు) కొట్టి, నివాసం మారింది అన్న దగ్గర టిక్కు పెట్టు. మంజూరైతే పాత దిక్కు పేరు అదే పోతది, కార్డు నంబరు మారది.

చిక్కంత అడ్రస్ కాడనే. నీ ఆధార్ మీద ఇంక మన ఇంటి అడ్రసే ఉండె. హాస్టల్‌ల ఉన్నోళ్ల పేరు మీద కరెంటు బిల్లు ఉండది, రిజిస్టరైన కిరాయి కాగితం అసలే ఉండది. అయినా దరఖాస్తు ఆగది, బీఎల్‌ఓ (మీ పోలింగ్ బూత్ జాబితా చూసుకునే అధికారి) వచ్చి చూసి పోతరు. వాళ్లు వచ్చేది పగలు, నువ్వుండేది ఆఫీసుల. గేటు కాడ వాచ్‌మెన్ "ఆ పేరుగల్లోళ్లు ఎవరూ లేరు" అన్నడంటే ఫారం ఖతం. అందుకే వార్డెన్‌కు ముందే చెప్పిపెట్టు, ఫారంల నడుస్తున్న ఫోన్ నంబరే రాయి. బీఎల్‌ఓ ఎవరో తెల్వకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చెయ్యి.

ఒక్క ఓటుతోని ఏమైతది అంటవు. 2018ల ఆసిఫాబాద్‌ల గెలుపోటములకు తేడా 171 ఓట్లు, ధర్మపురిల 441. 1989ల అనకాపల్లి లోక్‌సభ సీటైతే తొమ్మిదంటే తొమ్మిది ఓట్లతోని తేలింది. ఎవరూ నచ్చకపోతే నోటా ఉన్నది, కాని దాని బలం తెలుసుకొని నొక్కు: నోటాకే ఎక్కువ పడ్డా, మిగిలినోళ్లల్ల ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే గెలుస్తరు.

పోలింగ్‌కు ముందు ఇచ్చే ఓటరు స్లిప్పు గుర్తింపు కాగితం కాదు, కార్డో ఆధారో పట్టుకపో. ఓటు ఎవరికి పడ్డదో చీటీ మీద చూపే వీవీప్యాట్ మిషన్ అద్దంల ఆ చీటీ ఏడు సెకండ్లే కనవడ్తది, బటన్ నొక్కంగనే అటే చూడు. టైం అయిపోకముందే లైన్ల నిలవడితే చాలు, ఎంత రాత్రైనా ఓటెయ్యనియ్యాలె. నీ ఓటు ఎవరో ముందే వేసిండ్రంటే లొల్లి పెట్టుకోకు, వాపస్ గూడ రాకు. టెండర్ ఓటు ఇయ్యమని ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను అడుగు, కాగితం బ్యాలెట్ ఇస్తరు. మామూలు లెక్కింపుల దాన్ని కలపరు, కవర్ల పెట్టి సీలేస్తరు. తేడా తక్కువుండి కేసు కోర్టుకెక్కితే అప్పుడు దానికి విలువ.

ఈ ఆదివారం కూసొని ఫారం నింపు. అయినంక రెఫరెన్స్ నంబరు వస్తది, అది నాకు వాట్సాప్‌ల పెట్టు. ఇక్కడి జాబితాల నీ పేరు పోయిందా లేదా నేను చూస్త. అమ్మ సకినాలు కట్టిపెట్టింది, కాజీపేటల రైలెక్కే పిలగానితోని పంపుతున్న.

మీ నాయిన