నా చీటీ నీకు పంపడం లేదు

విద్యానగర్, హైదరాబాద్
డిసెంబరు, ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

"నాన్నా, నాకూ మీలాగే సైనస్ అనిపిస్తోంది, మీ పాత మందుల చీటీ ఫొటో తీసి పంపండి, అవే మందులు ఇక్కడ పుణేలో కొనుక్కుంటాను" అన్నావు నిన్న. సరే అన్నాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. అది పంపడం లేదమ్మా. ఎందుకో రాస్తున్నాను.

పదేళ్లు నాకు సైనస్ అనే అన్నారు. చలికాలం రాగానే ముక్కు దిబ్బడ, యాంటీబయాటిక్ కోర్సు, నాలుగు రోజులు నయం, మళ్లీ మామూలే. మీ అమ్మ పక్కనే కూర్చుని ఆవకాయ కలుపుతున్నా ఆవపిండి ఘాటు తెలిసేది కాదు. ఒకసారి పాలు మాడి వంటిల్లంతా పొగ నిండినా నేను హాల్లో పేపరు చదువుకుంటూ ఉండిపోయాను, గుర్తుందా? వాసన తెలుస్తోందా అని ఏ డాక్టరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ అడిగింది. ఆ వెంటనే, "నొప్పి మాత్రలు వేసుకుంటే ఆయాసం వస్తుందా?" అంది. ఉలిక్కిపడ్డాను. మోకాళ్లకని ఐబుప్రొఫెన్ వేసుకున్నప్పుడల్లా కాసేపటికే ముక్కు మూసుకుపోయి పిల్లికూతలు వచ్చేవి. చలిగాలి వల్ల అనుకునేవాణ్ణి. ఎండోస్కోపీలో ముక్కు రెండు వైపులా పాలిప్‌లు, అంటే వాపుతో పెరిగిన మెత్తటి కండలు, కనిపించాయి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు బాగా ఎక్కువ. అంటే నాది క్రిములతో వచ్చిన చీము కాదు, ఒంట్లోని రక్షణ కణాలే పుట్టిస్తున్న వాపు. అన్ని యాంటీబయాటిక్‌లూ ఎందుకు దండగయ్యాయో అప్పుడు తెలిసింది. ఆపరేషన్, రోజూ స్టిరాయిడ్ స్ప్రే, ఆ రకం నొప్పి మాత్రలు పూర్తిగా బంద్. పాలిప్‌లు మళ్లీ గట్టిగా పెరిగితే డుపిలుమాబ్ ఇంజెక్షన్ ఉందన్నారు. 2019లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చిన మందు అది. చాలా ఖరీదు. ఇప్పటిదాకా అవసరం పడలేదు.

మరి నీది? వినాయక చవితికి మొదలైంది. పన్నెండు వారాలు దాటితే దీర్ఘకాలిక సైనస్ అంటారు, నీకు దాటింది. కానీ ఎడమవైపు ఒక్కటే అన్నావు. దుర్వాసనతో పసుపుపచ్చ చీమిడి, వంగితే ఎడమ దవడ బరువు. కాఫీ వాసన మాత్రం బాగానే తెలుస్తోంది. అదే వైపు పైదవడ పన్నుకు కదా రూట్ కెనాల్ చేయించుకున్నావు! ఆ పళ్ల వేర్లు బుగ్గ ఎముక లోపలుండే సైనస్ అనే గాలి గదికి సరిగ్గా కిందే ఉంటాయి. పంటి మూలంలో చీముంటే పైకి పాకుతుంది. నీది అదేనని నేను తేల్చలేను గానీ, అదే అయితే పన్ను బాగుచేయకుండా నా స్ప్రే ఎన్నాళ్లు కొట్టినా తగ్గదు. నా చీటీలోని స్టిరాయిడ్ మాత్రలు వేసుకుంటే లోపలి ఇన్‌ఫెక్షన్ ముదరొచ్చు కూడా. ముందు దంతవైద్యుడికి చూపించు. తర్వాత ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లి, రూట్ కెనాల్ సంగతి నువ్వే ముందుగా చెప్పి, సీటీ స్కాన్ అవసరమేమో అడుగు.

ఈలోగా ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కో. కుళాయి నీళ్లు వద్దు. ఇక్కడ నేనూ మరిగించి చల్లార్చిన నీళ్లే వాడతాను. ముక్కు వెంటనే తెరిపించే చుక్కలు నాలుగైదు రోజులు మించి వాడకు, ఆ తర్వాత అవే దిబ్బడ తెస్తాయి. కంటి చుట్టూ వాచినా, చూపు మసకబారినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్లు.

పంటి ఎక్స్‌రే తీయించగానే ఫొటో పంపు. స్కాన్ కూడా అయితే సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ఫిల్ములు తెచ్చుకో. డాక్టరమ్మకు చూపిద్దాం, నేనూ వస్తాను.

నాన్న