ఎవరికి కట్టుకుని దూకుతున్నావురా?

ఒరే శీనూ,

నీ మెసేజ్ చూశాను. "టాండెం స్కైడైవింగ్ చేద్దామనుకుంటున్నా, ఎక్కడో ఒకచోట బుక్ చేసెయ్యనా?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఎక్కడో ఒకచోట ఏంట్రా! టాండెం అంటే ఇన్‌స్ట్రక్టర్ ఒంటికి కట్టుకుని, ఇద్దరూ ఒకే పారాచూట్‌తో విమానంలోంచి దూకడం కదా. దూకేది నువ్వు, దూకించేది ఇంకొకడు. ఆ ఇంకొకడెవడో తెలుసుకోకపోతే ఎలా? ఫోన్లో చెబితే సగమే వింటావని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. నేను మొదటిసారి డబ్బు కట్టింది అసలు స్కూలుకే కాదు. వెబ్‌సైట్ చూస్తే కళ్లు తిరిగేంత బాగుంది. "ఇన్‌స్ట్రక్టర్ ఎవరండీ?" అంటే "ఆ రోజు చెబుతాం సార్" అన్నారు. "ఏ విమానం?" అంటే "కనుక్కుని చెబుతాం సార్". అక్కడే నాకు అనుమానం రావాలి. రాలేదు. తీరా చూస్తే వాళ్లకి విమానమూ లేదు, పారాచూటూ లేదు. వోచర్ అమ్మి, కమిషన్ ఉంచుకుని, ఎక్కడో ఉన్న డ్రాప్‌జోన్‌కి, అంటే దూకించే చోటికి, మనుషుల్ని పంపే దళారులు. పొద్దున్నే లేచి అంతదూరం వెళ్తే అక్కడివాళ్లు "ఆ వోచర్లు మేం ఎప్పుడో మానేశాం" అన్నారు. నా అడ్వాన్స్ గోవిందా. కాబట్టి నువ్వు ఫోన్ చేసినప్పుడు మొట్టమొదట "విమానం మీదేనా, దూకేది మీ దగ్గరేనా?" అని అడుగు. నీళ్లు నమిలితే ఫోన్ పెట్టెయ్.

ఇక ఈ "సర్టిఫైడ్" అనే మాట. ప్రతివాడూ బోర్డు మీద రాసుకుంటాడు. ఏది సర్టిఫైడ్? స్కూలా, మనిషా, పారాచూటా? మూడూ వేరువేరు సంగతులు. ఒకటి ఉంటే మిగతా రెండూ ఉన్నట్టు కాదు. ఇది నాకు రెండో ప్రయత్నంలో గానీ బుర్రకెక్కలేదు.

స్కూలు సంగతి తేల్చుకోవడం తేలికే. చాలా దేశాల్లో దీనికో సంఘం ఉంటుంది. అమెరికాలో యూఎస్‌పీఏ (యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్), బ్రిటన్‌లో బ్రిటిష్ స్కైడైవింగ్, ఆస్ట్రేలియాలో ఆస్ట్రేలియన్ పారాచూట్ ఫెడరేషన్. నువ్వు దూకబోయే చోట ఏ సంఘం ఉందో కనుక్కుని, వాళ్ల సైట్లో ఈ స్కూలు పేరుందో లేదో చూడు. స్కూలు సైట్లో సంఘం లోగో కనిపించింది కదా అని ఆగిపోకు, లోగో అతికించడానికి అరనిమిషం చాలు. ఇంకోటి, సభ్యత్వం అంటే నియమాలు పాటిస్తామని మాటిచ్చారని అర్థం. రోజూ ఎవరో వచ్చి పక్కన నిలబడి చూస్తున్నారని కాదు.

మనిషి దగ్గర మాత్రం మొహమాటపడకు. యూఎస్‌పీఏ లెక్క ప్రకారం టాండెం ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే కనీసం 3 ఏళ్ల అనుభవం, 500 జంపులు, అన్నిటికన్నా పైదైన డీ లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్ ఉండాలి. అవన్నీ ఉన్నా, తను వాడబోయే టాండెం రిగ్ (వీపుకి తగిలించుకునే పారాచూట్ మూట) మీద విడిగా ట్రైనింగ్ అయి ఉండాలి. వెయ్యిసార్లు ఒంటరిగా దూకినవాడికి నిన్ను మోసుకుని దూకడం వచ్చి తీరాలని లేదు. 2016లో కాలిఫోర్నియాలో ఒక టాండెం జంపులో ఇన్‌స్ట్రక్టరూ, అతనితో దూకిన కుర్రాడూ ఇద్దరూ పోయారు. ఆ ఇన్‌స్ట్రక్టర్‌కి సరైన సర్టిఫికెట్ లేదని తర్వాత విచారణలో తేలింది. భయపెట్టడానికి రాయట్లేదు. "మీ రేటింగ్ కార్డ్ (టాండెం దూకించే అర్హత కార్డు) చూపిస్తారా?" అని అడగడానికి నోరు రానప్పుడు నీకిది గుర్తుకు రావాలని.

రెండోసారి వెళ్లిన స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని నేను అడిగాను. ఆయన నవ్వి కార్డ్ తీసి చూపించి, "ఇంకా ఏమైనా చూస్తావా?" అన్నాడు. పారాచూట్ చూపించమన్నాను. అప్పుడు మొదలైందిరా అసలు క్లాసు! గంటసేపు వదల్లేదు నన్ను.

వీపుకి తగిలించుకునే ఆ మూటలో రెండు పారాచూట్లుంటాయి, మామూలుగా తెరిచే మెయిన్, అది పనిచేయకపోతే వాడే రిజర్వ్. మెయిన్‌ని జంపు జంపుకీ మడుస్తారు. రిజర్వ్‌ని మాత్రం లైసెన్స్ ఉన్న రిగ్గరే, అంటే పారాచూట్లు మడిచే నిపుణుడే, మడవాలి. అమెరికాలో అయితే వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి, చూసి, మళ్లీ మడవాల్సిందే. ఆ తేదీ, రిగ్గర్ సంతకం ఉన్న చిన్న కార్డ్ రిగ్‌లోనే ఓ జేబులో ఉంటుంది. అది చూపించమను. దాంతోపాటు ఏఏడీ (ఆటోమేటిక్ యాక్టివేషన్ డివైస్) అనే చిన్న యంత్రం ఉంటుంది. ఇద్దరూ స్పృహ తప్పినా సరే, సుమారు 1,900 అడుగుల దగ్గర కూడా ఇంకా వేగంగా పడిపోతుంటే అదే రిజర్వ్‌ని తెరిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది డ్రోగ్. దూకిన కాసేపటికే వెనకాల తోకలాగా వదిలే బుల్లి పారాచూట్. ఇద్దరి బరువుకి ఒక్కడు పడేదానికన్నా చాలా వేగంగా పడిపోతాం. అంత వేగంలో మెయిన్ తెరిస్తే ఆ కుదుపు తట్టుకోవడం కష్టం. డ్రోగ్ పట్టి లాగుతుంటే వేగం గంటకి 200 కిలోమీటర్ల దగ్గర నిలబడుతుంది. 1980ల మొదట్లో టాండెం రిగ్‌లు తయారుచేసినవాళ్లలో బిల్ బూత్ ఒకాయన. చిక్కుపడిన మెయిన్‌ని ఒక్క లాగుతో వదిలించుకునే మూడు రింగుల ఏర్పాటు కూడా ఆయనదే. మూడు ఇనప రింగులు, ఒక తాడు, అంతే! చూస్తే ఇంతేనా అనిపిస్తుంది.

ఇదంతా విన్నాక ఆ రోజు దూకానా? లేదు. గాలి. ఐదు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి సాయంత్రం "ఇవాళ కుదరదు, మళ్లీ రండి" అన్నారు. లోపల తిట్టుకున్నాను కూడా. దారిలో ఆలోచిస్తే, మొదటి దళారీ వెబ్‌సైట్‌కన్నా ఈ ఐదు గంటలే నాకు ఎక్కువ నమ్మకమిచ్చాయి. ఆ రోజు విమానం ఎగరకపోతే నష్టం వాళ్లకే కదా! అందుకని వాతావరణం బాగాలేకపోతే డబ్బు వెనక్కిస్తారా, వేరే తేదీ ఇస్తారా అని ముందే అడిగి పెట్టుకో.

బరువు దగ్గర అబద్ధం ఆడకు. నీ సంగతి నాకు తెలుసు, ఐదు కిలోలు తగ్గించి చెబుతావు. అక్కడ కాటా ఉంటుంది, పరువు పోతుంది. ముందురోజు స్కూబా డైవింగ్ పెట్టుకోకు, ఒంట్లో నైట్రోజన్ ఉండిపోతుంది, దాంతో అంత ఎత్తుకి వెళ్లడం ప్రమాదం, 24 గంటలైనా ఆగాలి.

రెండు వారాల తర్వాత దూకాను. తలుపు దగ్గరికి జరిగే ముందు ఆయన భుజాల దగ్గర రెండు, నడుం దగ్గర రెండు, నాలుగు కొక్కేలనీ లాగి చూసి, నాకు వినబడేలా పైకే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ తర్వాత దాదాపు నిమిషంపాటు నేను ఏం అరిచానో వీడియోలో ఉంది. నీకు చూపించను.

రెండు మూడు స్కూళ్ల పేర్లు రాసి పంపు. డబ్బు కట్టకముందే పంపు, కట్టాక కాదు. సంఘం లిస్టులో నేనూ ఓసారి వెతుకుతాను. అన్నట్టు, చెల్లెమ్మకి చెప్పావా లేదా? చెప్పకపోతే ఈ ఉత్తరం ఆమె కంటపడకుండా దాచుకో.

నీ
ప్రసాద్