పుస్తకాలున్నాయి సరే, వెతికిపెట్టే మనిషేరీ?

సంపాదకులకు నమస్కారం.

కాలేజీ పిల్లలు లైబ్రరీ గడప తొక్కడం లేదని, అందరూ ఫోన్లలో మునిగిపోయారని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. పిల్లల సంగతి సరే, వాళ్లకు పాఠం చెప్పే మా సంగతేమిటని మాత్రం ఎవరూ అడగరు. నేను చెన్నైలో ఒక ప్రైవేటు ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో తెలుగు చెబుతాను. డిగ్రీలో పార్ట్ వన్ భాషగా తమిళానికి బదులు తెలుగు తీసుకునే పిల్లలు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్ల కోసం మేమూ ఉన్నాం. మా కాలేజీలో లైబ్రరీ ఉంది, ఏసీ ఉంది, కంప్యూటర్లున్నాయి, పుస్తకాలూ బోలెడున్నాయి. లేనిదల్లా, లెక్చరర్ వచ్చి ఫలానాది కావాలంటే దాన్ని వెతికి చేతిలో పెట్టే మనిషి. తోటి కాలేజీల వాళ్లతో మాట్లాడితే అక్కడా అదే కథ.

కాలేజీలను తనిఖీ చేసి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారంటే లైబ్రరీకి పెళ్లికళ వచ్చేస్తుంది. బీరువాలకు రంగులు, బయట కొత్త బోర్డు, ఎప్పట్నుంచో కట్ట విప్పని పత్రికలన్నీ స్టాండు మీదకి. లైబ్రరీని కంప్యూటరైజ్ చేశారా, ఈ-జర్నళ్లు, అంటే ఆన్‌లైన్లో చదివే పరిశోధన పత్రికలు తెప్పిస్తున్నారా, పుస్తకాల మీద ఏడాదికి ఎంత ఖర్చు పెడుతున్నారు, రోజుకి ఎంతమంది టీచర్లు, స్టూడెంట్లు వాడుతున్నారు, ఇవన్నీ న్యాక్ అడుగుతుంది. మంచి ప్రశ్నలే. కాకపోతే ఆ చివరి ప్రశ్నకి జవాబు ఎలా తయారవుతుందో చూడాలి. గుమ్మం పక్కన టేబుల్ మీద పొడుగాటి రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను. పేరు, డిపార్ట్‌మెంటు, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. ఆ రోజుల్లో స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది, అందరూ తప్పకుండా రోజుకోసారి వచ్చి సంతకం పెట్టి వెళ్లండని. ఏం కావాలని వచ్చారు, దొరికిందా లేదా అని రాసుకునే గడి మాత్రం ఆ రిజిస్టర్లో ఉండదు. ఆ ఒక్క గడి ఉంటే లైబ్రరీకి ఏ పుస్తకం కొనాలో దానంతట అదే తెలిసిపోయేది, కేటలాగులు పట్టుకొచ్చే ఏజెంటు మాట మీద ఆర్డరు పెట్టాల్సిన అవసరం ఉండేది కాదు.

ఈ-జర్నళ్ల విషయానికొద్దాం, ఎందుకంటే మేనేజ్‌మెంటు వాళ్లు మా నోరు మూయించడానికి వాడేది ఇదే. అన్నీ ఆన్‌లైన్లోనే ఉన్నాయి కదా మేడమ్ అంటారు. ఉన్నాయి, కాదనను. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్రం కాలేజీల కోసం నడిపే ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో సభ్యత్వం ఉంటే చాలు, లెక్చరర్ ఇంట్లో కూర్చుని ఆరు వేలకు పైగా ఈ-జర్నళ్లు చూసుకోవచ్చు, ఈ-పుస్తకాలైతే లక్షల్లో ఉన్నాయి. కాలేజీ చందా కట్టాలి, లైబ్రరీ వాళ్లు టీచర్ల పేర్లు, మెయిల్ ఐడీలు ఎక్కించాలి, అప్పుడు ఒక్కొక్కరికీ లాగిన్ వస్తుంది. మా దగ్గర చందా కడుతూనే ఉన్నారు. అయినా స్టాఫ్ రూమ్‌లో సగం మందికి తమకో లాగిన్ ఉందనే తెలియదు, ఆ మెయిల్ ఎప్పుడో స్పామ్‌లోకి పోయి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ల పేర్లు ఎక్కించినవాళ్లు లేరు, గెస్ట్ లెక్చరర్ల పేర్లయితే అసలు లిస్టులోనే ఉండవు. మా ఎకనామిక్స్ మేడమ్ ఒకావిడ ఏదైనా పరిశోధన పేపర్ కావాలంటే డల్లాస్‌లో చదువుకుంటున్న అక్క కొడుక్కి మెసేజ్ పెడతారు, వాడు అక్కడి యూనివర్సిటీ లైబ్రరీ నుంచి పీడీఎఫ్ తీసి పంపిస్తాడు. పాపం బంగారం లాంటి పిల్లాడు. కానీ ఆవిడ తెప్పించుకున్న వాటిలో కొన్నయినా మా కాలేజీ డబ్బు కట్టిన ఎన్-లిస్ట్‌లోనే ఉండి ఉంటాయి కదా, అది చూసి చెప్పే మనిషి పదడుగుల దూరంలో ఉంటే డల్లాస్‌తో పనేమిటి?

విద్యాసంస్థలన్నిటి తరఫునా ఒకేసారి జర్నళ్లకు చందా కట్టడానికి కేంద్ర ప్రభుత్వం తెచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గురించి మీ పాఠకులకు తెలిసే ఉంటుంది. 2024 నవంబరులో కేబినెట్ ఆమోదించింది, మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల దగ్గర్నుంచి దాదాపు 13,000 జర్నళ్లు, 2025 జనవరి నుంచి అమలు. గొప్ప పనే. అయితే మొదటి దశ ప్రభుత్వ విద్యాసంస్థలకే, మాలాంటి ప్రైవేటు కాలేజీలు బయటే ఉన్నాయి. రేపు మాకూ తలుపు తీశారనుకుందాం, ఎన్-లిస్ట్‌నే టీచర్ల దాకా చేర్చలేని చోట పదమూడు వేల జర్నళ్లు వచ్చి ఏం లాభం?

ఇంకో తలనొప్పి ఉంది. జర్నళ్లలో పరిశోధన పేపర్లు వేస్తేనే ప్రమోషన్ అన్న రూలు ఎప్పట్నుంచో ఉంది, ఏది మంచి జర్నలో చెప్పడానికి ఇదివరకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వారి కేర్ లిస్టు ఉండేది. ఆ లిస్టులో లోపాలు లేవని కాదు, కానీ చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఎత్తేసి, మంచిచెడ్డలు టీచర్లూ సంస్థలే చూసుకోవాలంది. ఇక చూడండి వాట్సాప్ మెసేజ్‌లు! మూడు రోజుల్లో అచ్చు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ స్థాయి చెప్పే అంకె) గ్యారంటీ, సర్టిఫికెట్ ఫ్రీ. కొత్తగా చేరిన లెక్చరర్లు టెన్షన్‌లో డబ్బు కట్టేస్తారు. ఐఎస్ఎస్ఎన్ అనే జర్నల్ గుర్తింపు నంబరు నిజమైనదేనా, ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్లకి తమ పేరు అక్కడ ఉందని తెలుసా, స్కోపస్ అనే అంతర్జాతీయ జర్నళ్ల సూచికలో ఉందంటున్నారు, నిజంగా ఉందా, ఇవన్నీ చూడటం లైబ్రరీ సైన్స్ చదివిన మనిషికి చేతనైన పని. కానీ మా లైబ్రేరియన్ గారిని అడిగే వీలు మాకు లేదు, చెప్పే తీరిక ఆయనకీ లేదు.

తీరిక ఎందుకు లేదంటే, మా లైబ్రేరియన్ గారిని పరీక్షల హాలు డ్యూటీకి వేస్తారు, అడ్మిషన్లప్పుడు అప్లికేషన్లు సరిచూసే టేబుల్ దగ్గర కూర్చోబెడతారు, ఫంక్షన్ ఏదైనా ఉంటే ఫొటోల బాధ్యత కూడా ఆయనదే. అసిస్టెంటు పోస్టు ఖాళీగానే ఉంది. మిగిలింది ఒక అటెండరు. "తెలుగు బుక్కా మేడమ్? అదిగో ఆ లాస్ట్ ర్యాక్, మీరే చూసుకోండి" అంటాడు. తప్పు అతనిది కాదు, తెలుగు అక్షరాలు రానివాడు పుస్తకం వీపు మీద పేరు ఎలా చదువుతాడు?

ఆ లాస్ట్ ర్యాక్ గురించి చెప్పాలి. కింది అరలో వావిళ్ల వారి పాత ప్రచురణలున్నాయి, ఈ ఊళ్లోనే అచ్చయినవి, ఇప్పుడు ఎంత డబ్బిచ్చినా దొరకనివి. కాగితం ముట్టుకుంటే పొడి రాలుతుంది. చిరిగిన చోట ఎవరో సెల్లోటేప్ వేశారు, టేపు పసుపెక్కి అక్షరాల్ని కూడా తీసుకుపోయింది. కంప్యూటర్లో వెతుకుదామంటే పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించారు, అదీ ఎవరికి తోచినట్టు వాళ్లు. పోతన ఒక చోట హెచ్‌తో ఉంటాడు, ఇంకో చోట హెచ్ లేకుండా, మరో చోట ఇంటిపేరు బమ్మెర కింద. మూడు రకాలుగానూ కొడితే గానీ మన దగ్గర భాగవతం ఎన్ని కాపీలుందో తేలదు. కోహా లాంటి ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్లలో తెలుగు లిపిలోనే పేర్లు ఎక్కించొచ్చు, పైసా ఖర్చు లేదు. తెలుగు టైపు వచ్చిన మనిషి ఒకరు కూర్చోవాలి, అంతే.

ఇదంతా జరుగుతున్నది ఏ ఊళ్లో? ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పే ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు యూనివర్సిటీకి తొలి లైబ్రేరియన్‌గా వెళ్లిన ఊళ్లో. మొదట్లో ఆయనకి ఆ ఉద్యోగం రుచించలేదు, మళ్లీ క్లాసుకే వెళ్లిపోదామనుకున్నారు. ఇంగ్లండు వెళ్లి అక్కడి లైబ్రరీలు చూసొచ్చాక మనసు మారింది. పుస్తకాల అరల మధ్యకి చదువరుల్ని నేరుగా రానిచ్చారు, ఏం కావాలో కనుక్కుని సాయం చేసే పద్ధతి పెట్టారు. ఆయన చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది చదువరి టైము వృథా కానివ్వొద్దనే. ఆగస్టు 12న ఆయన పుట్టినరోజుకి లైబ్రేరియన్ల దినోత్సవమని మా కాలేజీలో కూడా ఫొటోకి దండ వేసి స్వీటు పంచుతారు. ఆ ఫొటో పక్కనే తాళం వేసిన రెఫరెన్సు బీరువా ఉంటుంది, తాళంచెవి ఆఫీసులో, ఆఫీసు సూపరింటెండెంటు లంచ్‌లో.

ఊళ్లో వనరులు లేక కాదు ఈ బాధ. ఎగ్మూరులో 1896 నాటి కన్నెమరా లైబ్రరీ ఉంది, 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ దానికి పంపాలి. కోట్టూర్పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది. కంపెనీ అధికారులు మెకంజీ, బ్రౌన్ పోగుచేసిన తాళపత్రాలు, కాగితపు ప్రతులు ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలో ఉన్నాయి. వీటిలో ఏది ఎక్కడుంది, చూడటానికి ఏ కాగితం పట్టుకెళ్లాలి, డెల్‌నెట్ లాంటి లైబ్రరీల నెట్‌వర్క్ ద్వారా వేరే ఊరి లైబ్రరీ నుంచి పుస్తకం తెప్పించుకోవచ్చా, ఇదంతా ఒక్క పేజీలో రాసి స్టాఫ్ రూమ్ గోడకి అంటిస్తే చాలు. ఇప్పటికైతే ఎవరికి వాళ్లం తెలిసినవాళ్లని పట్టుకుని కనుక్కుంటున్నాం.

మా వైపూ తప్పుంది. సెమిస్టరుకని తీసుకున్న పుస్తకాన్ని రిటైరయ్యేదాకా ఇంట్లోనే అట్టేపెట్టుకుని, చివర్లో నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం సంచుల్లో మోసుకొచ్చే ప్రొఫెసర్లు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు. సిలబస్ మారుతోందని లైబ్రరీకి ముందుగా చెప్పే హెచ్ఓడీలు, అంటే డిపార్ట్‌మెంటు పెద్దలు తక్కువ. క్లాసులు మొదలయ్యాక నెలకి గుర్తొస్తుంది, ఆర్డరు పెడితే సెమిస్టరు అయిపోయాక వస్తుంది. అందుకే సెమిస్టరు మొదలయ్యే ముందు లైబ్రేరియన్ గారిని డిపార్ట్‌మెంటు మీటింగుకి పిలవాలంటాను. ఒక గంట చాలు. ఆ గంటలో లాగిన్లు లేనివాళ్ల లెక్క తేలుతుంది, ఏ పుస్తకం ఎన్ని కాపీలు కావాలో తేలుతుంది. ఆయన్ని హాలు డ్యూటీల నుంచి తప్పించాలి, గెస్ట్ లెక్చరర్లకి కూడా మాతో సమానంగా కార్డు ఇవ్వాలి. వాళ్లూ అదే పాఠం చెబుతున్నారు కదా, జీతంలో ఎలాగూ సమానం చెయ్యరు, పుస్తకంలోనైనా చెయ్యండి.

చివరగా చెన్నైలోని తెలుగు సంఘాల పెద్దలకొక మాట. ఉగాదికి మమ్మల్ని పిలిచి శాలువా కప్పుతున్నారు, సంతోషం. ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు పాత పుస్తకాలు మూటలు కట్టి కాలేజీలకి పంపుతున్నారు, అదీ సంతోషమే, కానీ ఆ మూటలు మా దగ్గర మెట్ల కిందే ఉన్నాయి, విప్పి నంబరు వేసేవాళ్లు లేక. ఈసారి శాలువాల డబ్బుతో తెలుగు చదవడం, టైపు చేయడం వచ్చిన ఒకరిద్దరు పీజీ పిల్లలకి వేసవి సెలవుల్లో జీతమిచ్చి ఏదో ఒక కాలేజీ లైబ్రరీలో కూర్చోబెట్టండి. ప్రిన్సిపాళ్లతో మాట్లాడే పని మేం చూసుకుంటాం. ఏప్రిల్ చివర్లో మొదలుపెడితే జూన్‌లో కాలేజీ తెరిచేసరికి ఒక తెలుగు ర్యాక్ అయినా పూర్తిగా కంప్యూటర్లోకి ఎక్కుతుంది.

ఇట్లు,
ఒక తెలుగు లెక్చరర్,
చెన్నై