జీడిపిక్కల లెక్క, వాట్సాప్ గొడవ: నవంబరు వార్తాలేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల బాలల దినోత్సవం ఫొటోలు వేద్దామనుకున్నాం. అవి వచ్చే సంచికకు వాయిదా పడ్డాయి. ఎందుకో మీకు తెలుసు. మన తొమ్మిదో తరగతి అమ్మాయి జీడి ఫ్యాక్టరీలో యజమానిని ప్రశ్న అడుగుతున్న అర నిమిషం వీడియో కాశీబుగ్గ బస్టాండు నుంచి సోంపేట దాకా అందరి ఫోన్లలో తిరిగింది. కొందరు మెచ్చుకున్నారు. కొందరు స్కూలుకే వచ్చి, "ఇదేటి మేడమ్, సదువు సెప్తన్నారా, యూనియన్ పెడతన్నారా?" అని మొహం మీదే అడిగారు. అలా వచ్చి అడిగినవాళ్లంటే నాకు గౌరవం. రాత్రి పదకొండు దాటాక తరగతి గ్రూపులో రాసినవాళ్లకు కూడా ఈ ఉత్తరమే జవాబు.

ముందు జరిగింది జరిగినట్టు చెప్తాను. మా సోషల్ మాస్టారు, మరో ఇద్దరు టీచర్లు కలిసి తొమ్మిదో తరగతి పిల్లల్ని పలాసలోని ఒక జీడి ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. యజమాని ముందే సరేనన్నారు. మీరు సంతకాలు పెట్టి పంపిన అనుమతి పత్రాలు నా బీరువాలో ఉన్నాయి. చదవకుండా సంతకం పెట్టి ఉంటే దానికి నేనేం చేయలేను. వీడియో తీసింది మన పిల్లలూ కాదు, టీచర్లూ కాదు.

గోడౌన్‌లో కప్పు దాకా పేర్చిన గోనె సంచుల మీద ముద్ర చూసి ఒక పిల్లాడు ఆ అక్షరాలు నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. చదవబోతే ఇంగ్లిష్ కాదు. అది ఫ్రెంచ్ అని, ఆ పిక్కలు పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ నుంచి ఓడెక్కి వచ్చాయని యజమాని చెప్పారు. పుట్టిన దగ్గర్నుంచీ పలాస జీడిపప్పు, పలాస జీడిపప్పు అని వింటూ పెరిగిన పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. ఉద్దానం తోటల్లో పంట వేసవిలో కొన్నాళ్లే. ఏడాది పొడుగునా బాయిలర్ వెలగాలంటే ఆఫ్రికా పిక్క దిగాల్సిందే. ఆ మాటకొస్తే జీడిమామిడి చెట్టే మనది కాదు. పదహారో శతాబ్దంలో బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చినది.

తర్వాత కటింగ్ దగ్గరికి వెళ్లారు. ఉడికించి ఆరబెట్టిన పిక్కను బ్లేడుల మధ్య పెట్టి, కాలితో తొక్కి, చేత్తో లివర్ లాగి, పెంకు చీల్చి, లోపలి పప్పు విరగకుండా తీస్తారు. చూస్తే తేలిగ్గానే ఉంటుంది. పెంకులోని నూనె చేతికి తగిలితే మాత్రం చర్మం కాలి నల్లబడుతుంది. అక్కడ కూర్చున్న ఆడవాళ్ల వేళ్లు పిల్లలంతా చూశారు. మన అమ్మాయి అక్కడే నిలబడి, చేతులు కట్టుకుని, మర్యాదగానే అడిగింది: "సార్, ఈ పిక్క పండించిన రైతుకు కిలోకి ఎంత వెళ్తుంది? పప్పు తీసిన ఈ పిన్నికి ఎంత? మీకెంత? హైదరాబాద్‌లో డబ్బా అమ్మిన షాపువాళ్లకెంత?"

వీడియో అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత జరిగింది ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. యజమాని నవ్వి, కుర్చీలు వేయించి, పిల్లల్ని కూర్చోబెట్టి, బ్యాంకు వడ్డీ, డాలరు రేటు, ఓడ కిరాయి, విరిగిపోయే పప్పు మీద వచ్చే నష్టం, అన్నీ విడమరిచి చెప్పారు. కూలి ఎంతిస్తున్నారో కూడా దాచకుండా చెప్పారు. పిల్లలకు టీ ఇచ్చి పంపారు. ఆయనకు రాని కోపం ఆయన తరఫున మనలో కొందరికి ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఆ అమ్మాయి తల్లి వేరే ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తారు. అది పట్టుకుని గ్రూపులో ఒకరు రాసిన మాట నేనిక్కడ తిరగరాయను. రాసినవారు మర్నాడు తీసేశారు, సంతోషం. ఈలోపు చదవాల్సినవాళ్లంతా చదివేశారు, ఆ పిల్లతో సహా.

పిల్లల పేర్లు వార్తాలేఖలో వేయొద్దని పోయిన మీటింగులో మీరే అన్నారు కాబట్టి వేయడం లేదు. వేయాలని మాత్రం చాలా ఉంది. ఆ అమ్మాయి తిరిగొచ్చి ఒక పట్టిక గీసింది. రైతు, దళారీ, ఓడ, ఫ్యాక్టరీ, కూలీ, షాపు అని గడులు. తెలిసిన చోట అంకె వేసింది, ఎవరు చెప్పారో పక్కన రాసింది. తెలియని చోట నోటికొచ్చింది వేయకుండా ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది. డిగ్రీ చదివినవాళ్లు కూడా ఖాళీ గడి వదలడానికి సిగ్గుపడే రోజుల్లో ఈ పిల్ల ఆ పని చేసిందంటే నేను స్టాఫ్ రూములో అందరికీ చూపించుకు తిరిగాను. ఇంకొక అబ్బాయి ఉన్నాడు, పోయినేడు లెక్కల్లో తప్పినవాడు. పప్పు గ్రేడు డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుళ్లు, అంటే విరగని నిండు పప్పులు, తూగాలని ఫ్యాక్టరీలో విన్నాడు. మర్నాడు వాళ్ల నాన్నగారి కొట్లోంచి పప్పు తెచ్చి, పౌనంటే 454 గ్రాములు తూచి, తరగతి మొత్తాన్నీ కూర్చోబెట్టి లెక్కపెట్టించాడు. మూడు వందల పైచిలుకే వచ్చాయి. లెక్కల టీచర్ అదే అదనుగా నిష్పత్తులు చెప్పేశారు. ఆ పప్పు చివరికి ఏమైందని మాత్రం వాళ్ల నాన్నగారు అడగొద్దు.

ఇక అసలు ప్రశ్న. "మన పిల్లలకు ఆఫ్రికా గొడవెందుకు, పదో తరగతి మార్కులు చూడండి" అన్నారు. మార్కుల సంగతే చూద్దాం. పదో తరగతి సోషల్‌లో ఎకనామిక్స్ భాగం తెరిస్తే మొదటి పాఠం అభివృద్ధి. ఒకరికి అభివృద్ధి అనిపించింది ఇంకొకరికి నష్టం కావచ్చన్న విషయం అందులోనే ఉంది. నాలుగో పాఠం ప్రపంచీకరణ. అంటే ఆ పిల్ల అడిగింది సిలబస్‌లోని ప్రశ్నే, ఒక ఏడాది ముందుగా అడిగింది. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు 2030 నాటికి సాధిస్తామని 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి. పేదరికం, ఆకలి, చదువు, మంచినీళ్లు, గౌరవంగా బతికే పని, అన్నీ ఆ లిస్టులో ఉన్నాయి. గడువు వచ్చేసరికి మన తొమ్మిదో తరగతి పిల్లలకు ఓటు హక్కు వచ్చి ఉంటుంది. వాళ్లకి ఈ విషయాలు చెప్పకుండా ఎవరికి చెప్పాలి?

ఈ పాఠం చెప్పే పద్ధతి మీద కూడా నాకు కొంచెం పట్టుదల ఉంది, చెప్పనివ్వండి. చాలా స్కూళ్లలో ప్రపంచ సమస్యలంటే గోడ మీద ఎముకలు తేలిన ఆఫ్రికా పిల్లాడి బొమ్మ అంటించి, కింద "ఆకలి" అని రాసి వదిలేస్తారు. అలాంటి చార్టు మన స్కూల్లోనూ ఉండేది, నేనే తీయించాను. ఆ బొమ్మ చూసి పిల్లలకు వచ్చేది జాలి ఒక్కటే. అయ్యో పాపం అనుకుని టిఫిన్ బాక్సు తెరుస్తారు. ఫ్యాక్టరీకి వెళ్లే ముందు ఐవరీ కోస్ట్ గురించి తెలిసింది రాయమంటే సగం మంది సింహాలు అన్నారు, మిగతా సగం కరువు అన్నారు. ఆ దేశం 1960లో ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకుందని, అబిద్‌జాన్‌లో విశాఖలా పెద్ద రేవు, ఎత్తైన మేడలు ఉన్నాయని, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ జీడిపిక్క పండించేది వాళ్లేనని అప్పుడు తెలుసుకున్నారు. మరి అంత పండించేవాళ్లు పప్పు తీసుకోకుండా పిక్కను పిక్కగానే మనకూ వియత్నాంకూ ఎందుకు అమ్ముతున్నారు? ఇప్పుడిప్పుడే వాళ్లూ ఫ్యాక్టరీలు పెంచుకుంటున్నారు. అది చెప్పగానే వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి, "మరి వాళ్లే పప్పు తీసేసుకుంటే మా అమ్మకు పనెక్కడిది మాస్టారూ?" అన్నాడు. తరగతి నిశ్శబ్దమైపోయింది. మాస్టారి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఆ దేశం రైతు బాగుపడాలి, పలాస ఆడకూతురి పనీ ఉండాలి. ఈ రెండూ కలిపి ఆలోచించడం ఈ వయసులో అలవాటైతే చాలని నా ఆశ. దీన్ని రాజకీయం అంటే ఏం చెప్పను? ఏ పార్టీ మీటింగులోనూ ఈ ప్రశ్న నేను వినలేదు.

దూరదేశాల సంగతులు అనుకునేవాళ్లు ఉద్దానం వైపు చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరుందా? షుగర్, బీపీ లేని వ్యవసాయ కూలీలకు కూడా ఎందుకొస్తోందో డాక్టర్లు ఇప్పటికీ కచ్చితంగా తేల్చలేదు. నీళ్లంటారు, ఎండలో ఒళ్లు ఆర్చుకుపోయే పనంటారు, పురుగుమందులంటారు. ఇలాంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీలకు వస్తోందని ఎనిమిదో తరగతి పిల్లలు మ్యాపులో గుర్తుపెట్టారు. 2023 డిసెంబరులో మన పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు, హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. తాతయ్యకు డయాలసిస్ చేయిస్తున్న ఒక పాప ఆ మ్యాపు ముందు చాలాసేపు నిలబడి, "అక్కడి పిల్లలు కూడా తాతని బస్సులో తీసుకెళ్తారా?" అని అడిగింది. ఆ పాపకు నికరాగువా పేరు పరీక్ష కోసం బట్టీ పట్టాల్సిన అవసరం ఇక లేదు. 2018 అక్టోబరులో మన కొబ్బరి తోటల్ని పడగొట్టిన తిత్లీ తుపానుకు ఆ పేరు ఇచ్చింది పాకిస్తాన్ అని తెలిసి అబ్బాయిలు గోల చేశారనుకోండి, అది వేరే కథ. ఇప్పుడు 13 దేశాలు కలిసి పేర్ల జాబితా తయారుచేస్తాయని, తుపానుకు సరిహద్దు తెలియదు కాబట్టి హెచ్చరికలు పంచుకుంటాయని చెప్పాక చల్లబడ్డారు.

మిగతా విషయాలు త్వరగా. సమ్మేటివ్ పేపర్లు దిద్దడం అయిపోయింది, మార్కులు మీటింగులో ఇస్తాం. మందస రూటు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందు బయల్దేరుతుంది. రెండో టర్మ్ ఫీజు బాకీ ఉన్నవాళ్లు ఆఫీసులో ఒకసారి కలవండి. స్వెట్టర్ నేవీ బ్లూ మాత్రమే.

ఇంటి సంగతులు రెండు మూడు. నొచ్చుకోకండి. 17 లక్ష్యాల మీద చార్టు చేసి తెమ్మంటే ఆరో తరగతిలో చాలామంది నెట్ సెంటర్లో తీసిన కలర్ ప్రింటు పంపించారు. అన్నీ ఒకటే. ఆరో లక్ష్యం దగ్గర "పరిశుభ్రమైన నేరు" అన్న అచ్చుతప్పు కూడా అన్నింట్లో ఒకటే. పాపం ఆ నెట్ సెంటర్ అబ్బాయికి నేను ఎన్ని మార్కులని వేయను? స్కెచ్ పెన్నుతో వంకరటింకరగా పిల్లలే రాసిన చార్టులు నాలుగంటే నాలుగు వచ్చాయి. అవే నా గది బయట అంటించాం. మీ పిల్లలవి కనపడకపోతే కారణం ఇదే.

పుట్టినరోజు చాక్లెట్లు కూడా. తరగతికి ఒక డబ్బా అని పోయినేడే మనవి చేశాను. పెద్ద కవర్లలో స్కూలంతటికీ పంచుతున్నారు, కాగితాలు ఏరేది ఆయమ్మ. ప్రపంచంలో కోకో ఎక్కువగా వచ్చేది కూడా ఆ ఐవరీ కోస్ట్ నుంచే, ఆ తోటల్లో చిన్నపిల్లలు పనిచేయడం మీద ఏళ్ల తరబడి ప్రపంచమంతా మాట్లాడుతోంది. ఈ సంగతి తెలిశాక ఏడో తరగతి పిల్లలు కొందరు పుట్టినరోజుకి వేరుశనగ చిక్కీ పంచుతామన్నారు. ఇంట్లో "అందరిలో చిన్నతనం" అన్నారని మళ్లీ చాక్లెట్లే తెచ్చారు. పిల్లల మాట ఒక్కసారి నెగ్గనిచ్చి ఉంటే మన పరువేం పోయేదో చెప్పండి.

ఇంకోటి. ఇంట్లో తమ్ముడు ఫోన్ పట్టుకుని కూర్చుంటే అక్క అంట్లు తోమి హోంవర్కు అర్ధరాత్రి రాస్తోందని ఆ నోటుబుక్కుల చేతిరాతే చెప్తోంది. ఆడపిల్లల సమానత్వం ఆ 17 లక్ష్యాల లిస్టులో అయిదోది. మేము తరగతిలో చెప్తాం, చెప్పగలిగింది చెప్తాం.

డిసెంబరు మొదటి శనివారం ఉదయం పది గంటలకు తల్లిదండ్రుల మీటింగ్. మార్కుల జాబితాలు ఇచ్చే ముందు తొమ్మిదో తరగతి పిల్లలు జీడిపిక్కల పట్టిక మీకు చూపించి, ఖాళీ గడుల గురించి మిమ్మల్నే అడుగుతారు. మీలో తోటలున్నవాళ్లు, ఫ్యాక్టరీలున్నవాళ్లు, అందులో పనిచేసేవాళ్లు, కొట్లు నడిపేవాళ్లు అందరూ ఉన్నారు. తెలిసిన అంకె తీసుకురండి. ఆ ఫ్యాక్టరీ యజమాని కూడా వస్తానన్నారు. గ్రూపులో రాసినవాళ్లకు ముందు వరుసలో కుర్చీలు ఉంచుతాం. పనికి వెళ్లేవాళ్లు పూట కూలి పోగొట్టుకుని పది గంటలకు రావడం కష్టమని చెబితే సాయంత్రం ఆరింటికి ఇంకోసారి పెడతాం. ఏ పూట వస్తారో పిల్లల డైరీలో గురువారంలోగా రాసి పంపండి, ఈసారి చదివి సంతకం పెట్టండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు