మొత్తం సున్నా వస్తోందని కంగారుపడకు

కూకట్‌పల్లి, హైదరాబాద్
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నీ బాకీల ఎక్సెల్ ఫైలు చూశాను. ఎరువుల కొట్టు పెట్టి ఇన్నేళ్లయినా తెనాలి చుట్టుపక్కల జనానికి నీకు డబ్బు కట్టే అలవాటు చెయ్యలేకపోయావన్నమాట! అది మనం ఎదురుగా కూర్చుని తిట్టుకోవాల్సిన సంగతి, ఉత్తరంలో పట్టదు. కాలమ్ నిండా అంకెలు కనబడుతుంటే సమ్ కొడితే సున్నా ఎందుకొస్తోందని కదా నువ్వడిగింది. ఫోన్లో చెబితే ఆఁ ఆఁ అంటావు, పెట్టేశాక మళ్లీ అదే అడుగుతావు. అందుకే రాస్తున్నా. ఫార్ములాలు పలికినట్టే తెలుగులో రాస్తాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకో.

ఆ కాలమ్‌లో ఉన్నవి నీ కంటికి అంకెలేగానీ ఎక్సెల్ లెక్కలో ఉత్త అక్షరాలు. బ్యాంకు స్టేట్‌మెంట్ దించుకున్నా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసినా ఈ రోగం మామూలే. మామూలుగా నంబర్లు సెల్‌లో కుడివైపు జరుగుతాయి, టెక్స్ట్ ఎడమవైపు ఉంటుంది. నువ్వేమో అందం కోసం అన్నీ సెంటర్ చేసి పెట్టావు, ఆ ఆనవాలు కాస్తా పోయింది. ఇప్పుడు ఆ కాలమ్ సెలెక్ట్ చేసి కింద స్టేటస్ బార్ చూడు. నంబర్లుంటే యావరేజ్, కౌంట్, సమ్ మూడూ కనబడతాయి. అంతా టెక్స్టే అయితే కౌంట్ ఒక్కటే.

నిజానికి సున్నా రావడం నీ అదృష్టంరా. సున్నా చూస్తే ఎవడికైనా అనుమానం వస్తుంది. సగం నంబర్లు, సగం టెక్స్ట్ కలిసిపోయినప్పుడే కొంప మునిగేది. సమ్ టెక్స్ట్‌ని కిక్కురుమనకుండా వదిలేసి మిగతావి కూడేస్తుంది, మొత్తం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఇదే జరిగింది. వేసవిలో నీళ్ల ట్యాంకర్ల ఖర్చు సగానికి తగ్గిందని సెక్రటరీగారు చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. ఎండాకాలం, అదీ మా కూకట్‌పల్లిలో, ట్యాంకర్ల ఖర్చు తగ్గడమేమిటని మూడో అంతస్తు మామ్మగారు ఒక్కరే నోరు తెరిచారు. తీరా చూస్తే ఏప్రిల్, మే బిల్లులన్నీ టెక్స్ట్‌గా పడి ఉన్నాయి. అందుకే ఏ మొత్తాన్నీ నమ్మకముందు పక్కన రెండు సెల్స్‌లో =కౌంట్ ఒకటి, =కౌంటా ఒకటి అదే కాలమ్ మీద వేసి చూడు, పైన హెడింగ్ కలపకుండా. మొదటిది నంబర్లనే లెక్కపెడుతుంది, రెండోది ఖాళీ కానివన్నీ. రెండూ కలవలేదంటే అక్కడ తేడా ఉన్నట్టే.

నువ్వు ఫార్మాట్‌ని నంబర్ అని మార్చి చూశానన్నావు. అందరూ ముందు చేసేది అదే. ఫార్మాట్ మారుతుందిగానీ లోపల అప్పటికే ఉన్న సరుకు మారదు. ఒక్కో సెల్‌లో ఎఫ్2 నొక్కి ఎంటర్ కొడితే మారుతుంది, కానీ నీ ఫైలుకి అలా కూర్చుంటే ఖరీఫ్ పోయి రబీ వచ్చేస్తుంది. సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం ఉంటే, సెలెక్ట్ చేసి పక్కనొచ్చే పసుప్పచ్చ గుర్తులో కన్వర్ట్ టు నంబర్ నొక్కు. వేల వరుసలుంటే అదీ నత్తనడకే. ఖాళీ సెల్‌లో 1 కొట్టి, కాపీ చేసి, కాలమ్ మీద పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై పెట్టడం ఇంకో దారి. నాకు మాత్రం డేటా ట్యాబ్‌లోని టెక్స్ట్ టు కాలమ్స్ మీదే గురి. కాలమ్ సెలెక్ట్ చెయ్, అది తెరువు, వేరే ఏమీ ముట్టుకోకుండా ఫినిష్ కొట్టు. అంతే.

ఇవేవీ నీ బ్యాంకు కాలమ్ మీద పనిచెయ్యవు, నేను చేసి చూశాను. 4500 అని ఉన్న సెల్ మీద, ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టే =లెన్ వేస్తే 5 వచ్చింది. నాలుగంకెలకి అయిదెందుకొచ్చిందంటే, చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి అంటుకుని ఉంది. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే ఖాళీ అది, దాని కోడ్ 160. ట్రిమ్ దాన్ని ముట్టుకోదు, ట్రిమ్ తీసేవి మామూలు స్పేసులే. పక్క కాలమ్‌లో ఇలా కొట్టు:

=వేల్యూ(సబ్‌స్టిట్యూట్(సి2,చార్(160),""))

సి2 అన్నచోట నీ సెల్ పేరు పెట్టుకో. సబ్‌స్టిట్యూట్ ఆ ఖాళీని తీసేస్తుంది, వేల్యూ మిగిలినదాన్ని నంబర్ చేస్తుంది. కిందికి లాగి, కాపీ చేసి, వేల్యూస్‌గా పేస్ట్ చేసుకో.

బాకీల కాలమ్ కథ వేరు. అందులో ప్రతి అంకె చివరా సీఆర్ (జమ) అనో డీఆర్ (బాకీ) అనో ఉంది. రెండూ తీసి పారేద్దామనుకుంటావేమో, ఆగు! నీ దగ్గర ముందే డబ్బు కట్టినవాడు కూడా బాకీదారుడైపోతాడు. వాడింటికెళ్లి బాకీ అడిగావంటే ఊళ్లో నీ పరువేం కాను? రైట్ అనే ఫార్ములాతో చివరి రెండక్షరాలు ఏమిటో చూసి, సీఆర్ అయితే -1తో, లేకపోతే 1తో గుణించేలా ఇఫ్ పెట్టు, ఆ తర్వాతే అక్షరాలు తీసెయ్. సబ్‌స్టిట్యూట్‌కి పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరు వేరు. నీ ఫైల్లో రెండు రకాలూ ఉన్నాయి.

ఇంకోటి, ఊపులో ఉన్నవన్నీ నంబర్లు చేసెయ్యకు. కూడికకో తీసివేతకో పనికొచ్చేవే నంబర్లు, మిగతావి టెక్స్ట్‌గానే పడి ఉండనీ. మా హైదరాబాద్ ల్యాండ్‌లైన్ల ముందుండే 040ని నంబర్ చేస్తే 40 మిగులుతుంది. ఎక్సెల్ 15 అంకెల దాకానే గుర్తుంచుకుంటుంది, 16 అంకెల ఖాతా నంబరైతే చివరిది సున్నా అయిపోతుంది, మళ్లీ రాదు. ఇక్కడి ఇంటి నంబర్ల గోల ఇంకా చిత్రం. 3-6-12 అని కొట్టి ఎంటర్ నొక్కితే మన దేశపు సెట్టింగుల్లో అది 2012 జూన్ 3 అయి కూర్చుంటుంది. అయ్యో అని ఫార్మాట్ టెక్స్ట్‌కి మారిస్తే ఇల్లు కాస్తా 41063 అవుతుంది, 1900 జనవరి 1 నుంచి ఎక్సెల్ వేసుకునే రోజుల లెక్క అది. కొట్టకముందే కాలమ్‌ని టెక్స్ట్ చెయ్యాలి, లేదా ముందు ఒక అపాస్ట్రఫీ (') పెట్టాలి. నవ్వకు, సైంటిస్టులకే ఈ తిప్పలు తప్పలేదు. మార్చ్1 అనే జన్యువుని ఎక్సెల్ మార్చి ఒకటో తేదీ చేసేస్తోందని, పేర్లు ఖరారు చేసే కమిటీ 2020 నాటికి జన్యువు పేరునే మార్చ్ఎఫ్1గా మార్చేసింది!

ఒక షీట్లోని కోడ్‌ని ఇంకో షీట్లో వెతికే వీలుకప్‌లో, దొరకలేదని చెప్పే ఎన్ఏ వస్తోందన్నావే, అదీ ఇదే జబ్బు. కస్టమర్ కోడ్ ఒక షీట్లో నంబర్, ఇంకో షీట్లో టెక్స్ట్. రెండూ టెక్స్ట్ చేసెయ్.

ఏం చేసినా ఫైలు కాపీ మీద చెయ్. అన్నట్టు, రెండో షీట్లో మీ మేనమామగారి యూరియా బస్తాల బాకీ రెండుసార్లు పడింది. మొత్తం సరిగ్గా వచ్చిందని సంబరపడి ఆయనకి ఫోన్ చేసేలోపు ఒకటి తీసెయ్. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్