జ్వరం తగ్గాక రాలే జుట్టుకి ప్యాకేజీ ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక శ్రీకాకుళం జిల్లా పేజీలో దసరా దాటినప్పటి నుంచి రెండు ప్రకటనలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. పైదాంట్లో ఊడిన జుట్టు మొలిపిస్తామంటారు. కిందదాంట్లో మొలిచిన జుట్టు మళ్లీ రాకుండా చేస్తామంటారు, అదీ ఒక్క సిట్టింగులోనే. రెండూ ఒకే క్లినిక్కువి, ఫోను నంబరూ ఒకటే. నవ్వుకుని ఊరుకుందును గానీ, ఆ ముక్కలు కత్తిరించి పర్సులో పెట్టుకుని నా దగ్గరకొస్తున్నారు ఆడపిల్లలు, వాళ్లతోపాటు అమ్మలూ. "కట్టమంటావా అప్పా?" అని అడుగుతున్నారు.

ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో చిన్న బ్యూటీ పార్లర్ నాది. దానికి ముందు విశాఖలో ఒక చర్మవైద్యుడి దగ్గర లేజర్ గదిలో సహాయకురాలిగా చేశాను. డాక్టర్ని కాను, మందులు రాయను. కానీ పొద్దుట షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా నా చేతిలో ఉండేది జుట్టే.

మా పనిలోవాళ్లకి పంచాంగం లేకుండానే కార్తీకం తెలుస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో ఊళ్లన్నీ జ్వరాలతో పడకేస్తాయి. టైఫాయిడ్ అంటారు, డెంగీ అంటారు, ఏదీ తేలకపోతే వైరల్ అంటారు. అప్పుడు ఒక్కరూ జుట్టు గురించి రారు. అందరూ కోలుకుని, పొలాలకీ కాలేజీలకీ వెళ్లడం మొదలుపెట్టాక, రెండు మూడు నెలలకి వరసకట్టి వస్తారు. జ్వరం సంగతి అప్పటికే మరిచిపోయి ఉంటారు. షాంపూ మార్చాననో, బోరు నీళ్లనో, ఎవరి దిష్టి తగిలిందనో అంటారు.

జరిగేది ఇది. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్లు ఎదుగుతుంది, ఆ తర్వాత ఇంచుమించు మూడు నెలలు ఎదుగుదల ఆపి ఊరికే ఉంటుంది, ఆపైన రాలిపోతుంది. మామూలు రోజుల్లో నూటికి పది పదిహేను ఆ విశ్రాంతిలో ఉంటాయి కాబట్టి రోజుకి 50 నుంచి 100 రాలడం జబ్బు కాదు. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, రక్తం బాగా పోవడం, అన్నం మానేసి పది కిలోలు తగ్గడం లాంటి దెబ్బ ఒంటికి తగిలినప్పుడు, ఇంకా ఎదగాల్సిన వెంట్రుకలు బోలెడన్ని ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. మూడు నెలల గడువు తీరాక అన్నీ కలిసి రాలతాయి. దీనికి వైద్యులు పెట్టిన పేరు టెలోజెన్ ఎఫ్లూవియం. ఆ పేరు పెట్టింది 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే అమెరికా చర్మవైద్యుడు. మా అత్తగారు అవేమీ చదవకుండానే "పిల్లాడు తల్లి మొహం గుర్తుపట్టి నవ్వే వేళకి తల్లి జుట్టు రాలుతుంది" అనేవారు. కాన్పయిన మూడో నెల, నాలుగో నెల. లెక్క సరిగ్గా సరిపోయింది.

మా వైపు ఇంకా రాలిన చిక్కు జుట్టు దాచి, వీధిలోకొచ్చే స్టీలు సామాన్లవాడికి వేసే అలవాటుంది. అందుకని ఎంత రాలిందో నోటితో చెప్పరు, కవరు తెచ్చి బల్ల మీద కుమ్మరిస్తారు. మొన్న పొందూరు వైపు నుంచి ఒక తల్లి ఇంటర్ చదివే కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. "చూడప్పా, ఏర్లతో సహా ఊడొచ్చేస్తంది. ఇంకేటి మొలుస్తాది?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజమే, ఒక్కో వెంట్రుక కొసన గసగసాల గింజకన్నా చిన్న తెల్లటి బుడిపె ఉంది. అందరూ బెదిరేది దాన్ని చూసే. అది వేరు కాదు. విశ్రాంతికి వెళ్లిన వెంట్రుక మొదలు అలా గట్టిపడి బుడిపె కడుతుంది. అసలు కుదురు చర్మం లోపలే ఉంటుంది. మన ఉద్దానం కొబ్బరి చెట్టు పాత మట్ట రాల్చినంత మాత్రాన మొవ్వు ఎండిపోయినట్టు కాదు కదా. ఆ పిల్లని వెలుతురుకి తిప్పి కూర్చోబెట్టి, దువ్వెన తోకతో పాపిట తీసి తల్లికి చూపించాను. నుదుటి పైన, చెవుల పక్కన అరంగుళం పొడుగున కొత్త వెంట్రుకలు, నూనె రాసినా అణగకుండా నిలబడి ఉన్నాయి. జ్వరం ఎప్పుడొచ్చిందని అడిగితే, వినాయక చవితికి ఆసుపత్రిలో ఉందని తల్లే చెప్పింది. సింహాచలంలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందేమోనని కూడా అనుకుంటున్నారట. మొక్కుంటే ఇవ్వండి, ఒత్తు కోసమైతే వద్దన్నాను. కత్తి చర్మం పైదాన్ని కోస్తుంది, లోపలి కుదురు జోలికి పోదు. కోసిన కొస మొద్దుగా ఉండి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే.

ఇలా రాలేది చాలామందికి ఆరు నెలల్లోపు దానంతటదే తగ్గుతుంది. జుట్టు నెలకి ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి జడ మునుపటి లావుకి రావడానికి ఏడాది పైనే పడుతుంది. ఈ మధ్యకాలమే ప్యాకేజీలు అమ్మేవాళ్లకి పంట. రక్తం తీసి తలలోకి ఎక్కించే ఇంజెక్షన్లని ఆరు సిట్టింగులకి మాట్లాడేసుకుంటారు. నాలుగో సిట్టింగుకి జుట్టు ఎలాగూ వస్తుంది, పేరు సిట్టింగుకి పోతుంది. ముందు ఫోటో, తర్వాత ఫోటో అని అలాంటి తలలే మళ్లీ ప్రకటనల్లోకి ఎక్కుతాయని నా అనుమానం.

రాలే జుట్టంతా ఇలాంటిదే అనడం లేదు. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతే అది వేరు. పేనుకొరుకుడు అంటాం గానీ పేనుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒంట్లోని రోగనిరోధక శక్తి పొరపాటున వెంట్రుక కుదుళ్ల మీదే పడటం వల్ల వస్తుంది. దాని మీద గురివింద గింజ అరగదీసి రాసి చర్మం పొక్కించుకుని వచ్చినవాళ్లని చూశాను. చిన్నపిల్లల తలలో పొట్టు రాలుతూ వెంట్రుకలు మధ్యకి విరిగిపోతుంటే తామర కావచ్చు, దానికి నోటి మందు కావాలి. నుదురు దగ్గర బిగించి జడలు వేసి వేసి పలచబడినవాళ్లుంటారు. తొందరగా జడ వదులు చేస్తే వస్తుంది, ఏళ్లు గడిస్తే కుదురే పోతుంది. క్యాన్సర్ మందు ఎక్కించుకునేవాళ్లకి రెండు నాలుగు వారాల్లోనే ఊడటం మొదలవుతుంది. వైద్యం ముగిశాక అది చాలావరకు తిరిగి వస్తుంది. అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లొస్తూ మధ్యలో నా దగ్గర జుట్టు పొట్టిగా కత్తిరించుకునేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకోను.

ఇక రెండో ప్రకటన. ఒక్క సిట్టింగులో పోతుందన్న మాట లేజర్ మిషను పట్టుకున్నవాళ్లెవరూ అనరు. పైన చెప్పిన విశ్రాంతి లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. లేజర్ కాంతిని వెంట్రుకలోని నల్లరంగు పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. ఎదుగుతూ కుదురుని పట్టుకుని ఉన్న వెంట్రుకకే ఆ దెబ్బ సరిగా తగులుతుంది. ఆ పూట విశ్రాంతిలో ఉన్నవి తప్పించుకుంటాయి. అవి ఎదగడం మొదలుపెట్టాక, మొహానికైతే నాలుగు నుంచి ఆరు వారాలకి, మళ్లీ కొట్టాలి. అలా ఆరు, ఎనిమిది సార్లు. కొట్టిన కాసేపటికి ఒక్కో వెంట్రుక మొదట్లో ఆవగింజంత ఎర్రటి పొంగు లేస్తుంది, గదంతా కాలిన వెంట్రుక వాసన. ఆ తర్వాత రెండు మూడు వారాలు వెంట్రుకలు బయటికి తోసుకొస్తుంటే, మళ్లీ మొలిచేస్తున్నాయని కంగారుపడి ఫోన్లు చేసేవారు. అవి చచ్చి రాలిపోయేవే.

తెల్ల వెంట్రుక మీద లేజర్ పనిచేయదు, పట్టుకోవడానికి నలుపు ఉండదు కదా. మన చామనఛాయ చర్మంలోనూ నలుపు ఉంటుంది కాబట్టి అజాగ్రత్తగా కొడితే చర్మమే కాలి మచ్చ పడుతుంది. నల్లని చర్మానికి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎన్‌డీ యాగ్ అనే లేజర్ రకం కొంత భద్రమని మా డాక్టరుగారు దాన్నే వాడేవారు. దవడ మీద సన్నని నూగు ఉంటే అసలు కొట్టనిచ్చేవారు కాదు. కొందరికి అది తగ్గకపోగా ముదిరి నల్లబడుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా వెంట్రుకల సంఖ్యని శాశ్వతంగా తగ్గిస్తుందని చెప్పుకోవడం వరకే లేజర్లకి ఒప్పుకుంది, పూర్తిగా పోగొడుతుందని కాదు. పోగొట్టేదని అది ఒప్పుకున్నది ఎలక్ట్రాలిసిస్ ఒక్కదాన్నే. ప్రతి కుదురులోకీ సన్నని సూది దించి కరెంటు పంపడం. 1875లో ఛార్లెస్ మిషెల్ అనే కంటి వైద్యుడు లోపలికి మొలిచి కంటిని గుచ్చే రెప్ప వెంట్రుకల కోసం మొదలుపెట్టాడు. ఒక్కో వెంట్రుకకీ ఒక్కో పోటు, గడ్డం ఒక్కటి పూర్తవడానికే నెలలు పడుతుంది.

ఆమదాలవలస నుంచి వచ్చే ఒక గుంట విశాఖలో ఒక చోట 36 వేల ప్యాకేజీ వాయిదాల మీద కట్టింది. గడ్డం కింద, మెడ మీద. సిట్టింగులన్నీ అయ్యాయి, వాయిదాలు ఇంకా మిగిలే ఉన్నాయి, గడ్డం కింద మళ్లీ నల్లగా వచ్చేసింది. నెలసరి సరిగా వస్తోందా అని అక్కడ ఒక్కరూ ఆ పిల్లని అడగలేదు. మూడేసి నెలలకోసారి వస్తోంది. లేడీ డాక్టరు దగ్గరికి పంపితే పీసీఓఎస్ అని, అంటే హార్మోన్లు అదుపు తప్పి నెలసరి దెబ్బతినే జబ్బని తేలింది. హార్మోను లోపల్నుంచి కొత్త వెంట్రుకల్ని ముదరబెడుతూ ఉంటే, పైనుంచి ఎన్నిసార్లు కాల్చి ఏం లాభం? ముందు అది చూపించుకుని, మందు వాడుతూ లేజర్ చేయించుకుంటే డబ్బు దక్కేది. ఇంకో రకం ఉన్నారు. తెల్లబడతామని మందుల షాపులో చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీము కొని నెలల తరబడి రాసుకుంటారు, మొహమంతా నూగు వస్తుంది, ఆ నూగు తీయమని నా దగ్గరకొస్తారు. చాలా స్టెరాయిడ్ క్రీముల్ని 2018లోనే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లో చేర్చారు. షాపులవాళ్లకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

మా పార్లర్లవాళ్లం శుద్ధపూసలం అనను. మొటిమలకి ట్రెటినాయిన్ అనే మందు రాసుకునేవాళ్లకి వ్యాక్స్ పెడితే చర్మం పొరతో సహా లేచొస్తుంది. అడిగి పెట్టేవాళ్లు ఎంతమంది? ఒకే దారంతో ముగ్గురికి థ్రెడింగ్ చేస్తే ఒకరి పులిపిర్లు ఇంకొకరికి అంటుకుంటాయి. వీటి మీద ఉత్తరం రాయాలంటే వేరేగా రాయాలి.

మిమ్మల్ని కోరేది పెద్దదేం కాదు. 1945 నాటి ఔషధ నిబంధనల్లో షెడ్యూలు జె అని ఒకటుంది. ఫలానావి నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదన్న జాబితా అది. అందులో బట్టతల ఉంది, కొత్త జుట్టు మొలిపించడమూ ఉంది. అది మందులకే గానీ మిషన్లకీ ప్యాకేజీలకీ కాదని క్లినిక్కులవాళ్లు వాదించుకోవచ్చు. పత్రిక వాదించుకోనక్కర్లేదు. ఇలాంటి ప్రకటన తీసుకునేటప్పుడు, అక్కడ వైద్యం చేసే డాక్టరు పేరు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అందులో వేయమనండి. ఎన్ని సిట్టింగులో, మొత్తం ఎంతవుతుందో వేయమనండి. వేయనంటే ఆ జాగాలో పశువుల సంత కబురు వేసినా చదువుతాం.

జుట్టు రాలుతోందని భయపడేవాళ్లు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉందని గుర్తుపెట్టుకోవాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు అవసరమో కాదో అక్కడ చెబుతారు. జుట్టుకి మంచిదని ఎవరో చెప్పారని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతున్నవాళ్లు ఆ సంగతి రక్తం ఇచ్చే ముందే డాక్టరుకి చెప్పాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ ఒంట్లో ఉంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు, లేని జబ్బుకి మాత్రలు మింగాల్సి రావచ్చు.

ఇట్లు,
ఒక బ్యూటీ పార్లర్ నిర్వాహకురాలు,
శ్రీకాకుళం