గొత్తికోయ గూడేల్లో పని మొదలుపెట్టే ముందు

ఒరేయ్ బావా,

తెలంగాణలో చర్ల పక్క గూడేల్లో పిల్లల కోసం సంఘం పెడుతున్నావని తెలిసి సంబరమేసింది. దుప్పట్లు, పలకలు పోగేస్తున్నావట కదా. పంచు, కాదనను. కాకపోతే అక్కడ అసలు కరువు సర్టిఫికెట్ల కాగితాలకే. ముందు ఆ పని పట్టుకో.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీద లేచిన సల్వాజుడుం దళాల గొడవలు మొదలయ్యాక, అక్కడి అప్పటి దంతేవాడ జిల్లా నుంచి సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాలే ఆ గూడేలవాళ్లలో చాలామంది. గొత్తికోయలని మనం పిలుస్తాం గానీ వాళ్లు తమను మురియా అనే చెప్పుకుంటారు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకీ ఇక్కడి ఎస్టీ సర్టిఫికెట్ రాదు. మన ఎస్టీ జాబితాలో ‘గుట్ట కోయ’ అన్న పేరుంది కదా అని ఆశపడకు. అడ్డం పడేది పేరు కాదు, వలస. తండ్రికి ఛత్తీస్‌గఢ్‌లో ఇచ్చిన కుల పత్రం ఉంటే, దాన్ని చూసి ఇక్కడి తహసీల్దారు వలస వచ్చినవాళ్లకిచ్చే నమూనాలో సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. అది కేంద్ర కొలువులకు పనికొస్తుంది, ఇక్కడి రాష్ట్ర రిజర్వేషన్‌కి పనికిరాదు. ఈ తేడా కుర్రాళ్లకి మొదటిరోజే చెప్పెయ్. పోడు పట్టా మాటెత్తితే ఇంకా జాగ్రత్త. అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులైతే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచీ ఆ భూమి సాగులో ఉండాలి. గిరిజనేతరులుగా అడిగితే మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. నువ్వు మాత్రం పట్టా ఇప్పిస్తానని నోరు జారకు.

పుట్టిన సర్టిఫికెట్‌తో మొదలుపెట్టు. 21 రోజుల్లోపు చెబితే పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉచితంగా అయిపోతుంది. 30 రోజుల దాకా ఆలస్య రుసుం కట్టాలి. ఏడాది దాటిందా, మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దానికి ముందు ‘మా రిజిస్టర్‌లో ఈ పుట్టుక నమోదు లేదు’ అన్న పత్రం తెచ్చుకోవాలి. ఇంట్లో పురుడైతే ఆశా రాసిన తల్లీబిడ్డ కార్డే పెద్ద ఆధారం. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. సరిహద్దు అవతల సుక్మాలో పుట్టిన పిల్లని చర్లలో పుట్టినట్టు అఫిడవిట్ రాయించడం తేలికే, రాసిచ్చేవాళ్లూ దొరుకుతారు. కానీ రేపు తండ్రి కుల పత్రంతో పోల్చి చూసినప్పుడు అదే మెడకు చుట్టుకుంటుంది.

ఆ తర్వాత ఆధార్. అయిదేళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు, తల్లో తండ్రో వేలు పెడితే చాలు. అయిదు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఒకసారి వేలిముద్రలు ఇచ్చి అప్‌డేట్ చేయించాలి. అది మరిచిపోతే కార్డు పనిచేయకుండా పోతుంది.

ఎక్కువ దెబ్బ తగిలేది పేర్ల దగ్గర. పిల్ల పేరు ‘దేవే’ అనుకో. బళ్లో చేర్చేటప్పుడు టీచర్ పొరపాటేమో అనుకుని ‘దేవి’ అని దిద్దేస్తారు. తండ్రి కార్డు మీద మడకం అన్న ఇంటిపేరు హిందీ నుంచి ఇంగ్లీషులోకి ఒకలా వెళ్లి ఉంటుంది, ఇక్కడ తెలుగు నుంచి ఇంకోలా ఎక్కుతుంది. మధ్యలో ఒక్క అక్షరం తేడా వచ్చినా పదో తరగతి పరీక్షకి పిల్లల పేర్ల జాబితా (నామినల్ రోల్స్) పంపే రోజున అంతా బయటపడుతుంది. అందుకే ఒక నోటుబుక్ పెట్టు. ఇంటికో పేజీ. తండ్రి ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌ని పెద్దక్షరాల్లో రాసి, ప్రతి దరఖాస్తుకీ అందులోంచే ఎక్కించు. నీ చెవికి వినపడినట్టు రాయకు.

వయసు రుజువు లేదనో టీసీ లేదనో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడి కాదనకూడదు, విద్యాహక్కు చట్టం ఆ మాట స్పష్టంగా చెప్పింది. పదేళ్ల పిల్లాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టక్కర్లేదు, వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేకంగా చదువు చెప్పాలి. చేర్చడం సులువే బావా, నిలబెట్టడమే కష్టం. చలి తగ్గే వేళకి మిర్చి కోతలు, ఆ వెనకే ఇప్పపువ్వు, ఎండలు ముదిరేసరికి తునికాకు. పిల్లలు తల్లిదండ్రుల వెంట పోతారు, లేదా చెల్లెల్ని చూసుకుంటూ గూడెంలో ఉండిపోతారు. కాబట్టి మిర్చి మేస్త్రీలు అడ్వాన్సులు ఇవ్వకముందే ఇల్లిల్లూ తిరిగి ఎవరు పోతారో, ఏ పిల్లని ఎవరింట్లో ఉంచుతారో రాసుకో. పెద్దలు కోతలకి పోయిన నెలల్లో పిల్లలుండే సీజనల్ హాస్టల్ కావాలంటే అప్పుడే మండల విద్యాధికారికి (ఎంఈవో) పేర్లు ఇవ్వాలి. కోతలు మొదలయ్యాక అడిగితే గూడెంలో పిల్లలే ఉండరు. 14 దాటి మానేసినవాళ్లుంటే ఓపెన్ స్కూల్ పదో తరగతి చూడు.

భాష మాట మరిచాను. నీళ్లని వాళ్లు ‘ఏర్’ అంటారు. పంతులుగారు పాఠంలో ‘ఏరు’ అంటే పిల్లకి కుండలో నీళ్లు కనపడతాయి. మన ఊరి కోయ పిల్లల్లో తెలుగూ కోయా రెండూ వచ్చిన ఒకమ్మాయిని, ఒకబ్బాయిని చూసి జీతమిచ్చి పెట్టుకో. ఊరికే చేయమంటే కోతల వేళకి వాళ్లూ పోతారు. బాలింతల దగ్గరికి అమ్మాయినే పంపు. ఏ పని మొదలెట్టినా ముందు గూడెం పెద్దతో కూర్చో. ఫొటోలు మాత్రం తీయకు, ఎవరి చేతికి పోతాయో అని భయపడతారు.

వచ్చేటప్పుడు అట్ట ఫైళ్లు కొనకురా, మొదటి వానకే చీకిపోతాయి. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు తీసుకో, ఇంటికొకటి. ఒరిజినల్స్ నీ దగ్గర ఉంచుకోకు, జిరాక్సులే పెట్టుకో. వేలిముద్రలకి స్టాంప్ ప్యాడ్ రెండు, చెయ్యి తుడుచుకోడానికి పాత గుడ్డ. ఆదివారం ఫోన్ చెయ్.

నీ
బావ